మేష్టారి కారొస్తోంది

మా నాన్నగారికి కారు వెనక్కి నడపడం రాదు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు నాకు మొహమాటమేమీ లేదు. ఆయన పోయి మొన్న ఆగస్టుకి ఏడాది దాటింది, పైగా చివరి రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆయనే నవ్వుతూ ఈ సంగతి చెప్పేవారు. కానీ అంతకు ముందు ఇరవైనాలుగేళ్ళ పాటు మా ఇంట్లో అదొక రహస్యం. ఊరందరికీ తెలిసిన రహస్యం. ఊరందరికీ తెలుసన్న సంగతి తెలియనిది ఒక్క ఆయనకే.

ఆయన పేరు ఎబినేజర్. కొత్తపేట అవతల, కాలవ గట్టు మీదున్న మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ముప్పై ఏళ్ళు పైగా మేష్టారు. 1999లో, కాకినాడలో ఒక డాక్టరు గారు అమ్మేస్తున్న తెల్ల కారు కొన్నారు. మా పేటలో అదే మొదటి కారు. చర్చి ముందు నిలబెట్టి పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్న అదను చూసి పక్కింటి పెద్దావిడ నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టేసింది. ఆమెన్ అనగానే నాన్నగారు బండి కదిపితే ఏదో చితికిన చప్పుడయింది. కప్ప పడిందేమోనని ఆయన కంగారుగా దిగి చూశారు. రెండు వైపుల దీవెనలూ పనిచేశాయనే అనుకోవాలి, ఆ బండి ఇవాళ్టికీ నడుస్తోంది.

డ్రైవింగు ఆయన అమలాపురంలో వారం రోజులు నేర్చుకున్నారు. ఏడో రోజున వెనక్కి నడపడం నేర్పుతానన్నాడట నేర్పేవాడు. ఆ రోజు కుండపోత వాన. ఆ పాఠం అలా ఉండిపోయింది. లైసెన్సు పరీక్షలో మైదానం చుట్టూ ఒక రౌండు కొట్టి ఆపమన్నారు, ఆపారు. పన్నెండో ఎక్కం రాని పిల్లల్ని ఎండలో నిలబెట్టే మనిషి, తన పాఠం మాత్రం శుభ్రంగా ఎగ్గొట్టేశారు.

ఇక అక్కణ్ణించి మా బతుకంతా ముందుకే. ఎక్కడికి వెళ్ళాలన్నా బండి తిప్పుకోవడానికి చోటుందా లేదా అన్నది ముందు చూసుకునేవారు. కపిలేశ్వరపురంలో పెద్దత్తయ్య ఇంటి ముందు కళ్ళం అంత వాకిలి ఉంది, గుండ్రంగా తిరిగి రావచ్చు. అందుకని నెలకోసారి అక్కడికి ప్రయాణం. రాజోలులో చిన్నత్తయ్య ఇల్లు సందులో. ఆవిడింటికి మేం ఏడాదికోసారి, అదీ బస్సులో. "కారు కొనుక్కున్నాక అన్నయ్యకి మేం ఆనటం లేదు" అని చిన్నత్తయ్య చనిపోయేదాకా అంటూనే ఉంది. అమలాపురంలో బట్టల కొట్టుకి వెళ్తే రెండు వీధుల అవతల, అటూ ఇటూ దారి ఉన్న చోట ఆపేవారు. పెళ్ళిళ్ళకి వెళ్తే కల్యాణమండపానికి అర కిలోమీటరు దూరంలో దిగి, పట్టుచీరలతో మేమూ, కానుక మోసుకుంటూ ఆయనా నడిచేవాళ్ళం. ఎందుకు నాన్నగారూ అంటే, "తిన్నది అరగాలి కదమ్మా" అనేవారు. తినకముందే.

కారుతో ఉండే మిగతా బాధలన్నీ మాకూ ఉన్నాయి. మా వాకిట్లో నీడ ఉన్న చోటల్లా నెత్తిన కొబ్బరిచెట్టు ఉండేది. చెట్ల మీంచి కాయలు దింపు తీయించిన నెల్లాళ్ళూ కారు చెట్ల నీడన ఉండేది, కాయ ముదిరే వేళకి ఎండలోకి మారేది. ఆ లెక్క అమ్మ చూసుకునేది. ఒకసారి చుట్టాలొచ్చిన హడావిడిలో మర్చిపోయింది, కాయ దభీమని పైకప్పు మీద పడింది. ఆ సొట్టలో వాన వెలిసిన పూట గుక్కెడు నీళ్ళు నిలుస్తాయి, పిచ్చికలు వచ్చి తాగుతాయి. బాగు చేయిస్తానంటే అమ్మ వద్దంది. ఎలకలు వైర్లు కొరికేవి. ఉక్కపోతకి స్టీరింగు కవరు జిగురు కట్టేది. వీటన్నిటి గురించీ నాన్నగారు బాహాటంగా విసుక్కునేవారు. వెనక్కి నడపడం గురించి మాత్రం ఎప్పుడూ ఒక్క మాట లేదు.

అసలు చిక్కు గట్టు మీద. పెద్ద రోడ్డు మీది వంతెన నుంచి మా ఇంటిదాకా మైలున్నర గట్టు రోడ్డు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లంలో చేలు. రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోయి, చేలలోకి దిగే ర్యాంపు దగ్గర ఒదగాల్సిందే. ర్యాంపు ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి వెళ్తారు. అది గట్టు మీది మర్యాద, ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

నాన్నగారి కారుకి మాత్రం ఆ లెక్క లేదు. తెల్ల కారు వంతెన దిగడం చూస్తే చాలు, "మేష్టారి కారొస్తంది" అని ఎవరో ఒకరు కేక వేసేవారు. ఎదురొచ్చే ఆటో, ట్రాక్టరు, పాల వ్యాను, ఏదైనా సరే, ర్యాంపు ఎంత దూరమున్నా సరే, వెనక్కి వెనక్కి వెళ్ళిపోయి దారి ఇచ్చేది. నాన్నగారు కుడిచెయ్యి కిటికీలోంచి కాస్త పైకెత్తి, దర్జాగా ముందుకు సాగిపోయేవారు. "చూశావా సత్తెమ్మా, ఈ ఊరికి గురువంటే ఎంత గౌరవమో" అనేవారు పక్క సీట్లో ఉన్న అమ్మతో. అమ్మ "మరేనండీ" అనేది.

ఒకసారి ఇంటికొచ్చాక వంటగదిలో నాతో అసలు సంగతి చెప్పింది. కారు కొన్న మరుసటి ఏడు నాన్నగారు గట్టు మీద ఒకసారి వెనక్కి పోబోయారట. వెనక చక్రం కాలవలోకి జారిపోయింది. కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు పరిగెత్తుకొచ్చి, కారుని చేతుల్తో ఎత్తి గట్టున పెట్టారు. నేను అప్పుడు కాకినాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుకుంటున్నాను. "అప్పణ్ణించీ అందరికీ తెలిసిపోయిందే బిందూ. పాపం, వాళ్ళే వెనక్కెళ్తారు. నువ్వు మాత్రం నోరు జారకు" అంది అమ్మ. ప్రత్యేకంగా నాకే ఎందుకు చెప్పిందంటే, నాకు కోపమొస్తే నోరు ఆగదని ఆవిడకి తెలుసు.

ఇరవై ఏళ్ళు ఆగాను. అది తక్కువేం కాదు.

అమ్మ 2020లో పోయింది. నేనూ మా ఆయన ఫిలిప్పూ అమలాపురంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి నాన్నగారింటికి వచ్చేశాం. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను, నా స్కూటీ నాకుంది. నాన్నగారు తన కారు తనే నడుపుకునేవారు. చర్చికి, కూరగాయలకి, పింఛను పనికి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి. పక్క సీటు మాత్రం ఖాళీ. అందులో ఎవరైనా కూర్చోబోతే "వెనక్కి కూచోండి, వెనక సుఖంగా ఉంటుంది" అనేవారు.

2023 వేసవిలో అమలాపురం దారిలో ఎర్రవంతెన దగ్గర కాగితాల తనిఖీ జరిగింది. కారు కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నాన్నగారి లైసెన్సే ముగిసిపోయి రెండేళ్ళు దాటింది. ఆ తేదీలు గుర్తుపెట్టుకునేది అమ్మ. ఆవిడ పోయాక గుర్తుచేసేవాళ్ళు లేరు, నేనూ పట్టించుకోలేదు. ఏడాది దాటిపోయింది కాబట్టి ఇక ఉత్త రెన్యువల్ కుదరదనీ, ఎల్.ఎల్.ఆర్. తీసుకుని మళ్ళీ పరీక్ష రాయాలనీ, బండి నడిపి చూపించాలనీ ఆర్టీవో ఆఫీసులో చెప్పారు. ఆ నడిపి చూపించడంలో హెచ్ ఆకారం ఒకటి ఉంది. కర్రలు పాతి ఉంటాయి. వాటి మధ్యలోంచి, ఒక్క కర్రకీ తగలకుండా, వెనక్కి రావాలి.

ఆ మాట విన్నప్పుడు నాన్నగారి మొహం నేను చూడలేదు. చూడకుండా ఉండడానికి ఫైలులో కాగితాలు సర్దుకున్నాను.

డెబ్బై రెండేళ్ళ రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి కారుకి ముందూ వెనకా ఎర్ర రంగు ఎల్ అక్షరం అంటించాం. పక్కన కారు లైసెన్సున్న మనిషి ఉండాలి కాబట్టి నేను కూర్చున్నాను, అమ్మ సీట్లో. ఆయన దగ్గర అ ఆలు దిద్దుకున్నవాళ్ళు గట్టు పొడుగునా నిలబడి నవ్వు ఆపుకున్నారు. "ఏం నేర్చుకుంటున్నారండీ మేష్టారండీ?" అని ఒకాయన అడిగాడు. "అక్షరాలు. ఎల్ దాకా వచ్చాను" అన్నారు నాన్నగారు. ఆ రోజు ఆయన హుషారుగానే ఉన్నారు.

చర్చి మైదానంలో సాయంత్రాలు ప్రాక్టీసు. ఎనిమిది ఆకారం చులాగ్గా తిప్పేశారు. హెచ్ సంగతి ఎత్తితే మాత్రం "అది రేపు చూద్దాం." రేపు వస్తే మోకాలు నెప్పి. ఆ మర్నాడు ఇంజను వేడెక్కింది. ఆ తర్వాత ఎవరో వస్తారని. పరీక్ష పది రోజుల్లోకి వచ్చేసింది. ఆ రోజు కాలేజీలో పేపర్లు దిద్ది దిద్ది నా తల బద్దలవుతోంది. మైదానంలో ఆయన ఎనిమిది తిప్పి, మళ్ళీ ఎనిమిదే తిప్పి, "చాలమ్మా ఇవాళ్టికి" అని ఇంటిదారి పట్టారు.

గట్టు మీద గంగయ్య ఆటో ఎదురొచ్చింది. గంగయ్యకి యాభై దాటాయి. ఒకప్పుడు రిక్షా తొక్కేవాడు, ఇప్పుడు సొంత ఆటో. మామూలుగానే, మమ్మల్ని చూడగానే ఆటో వెనక్కి తీశాడు. లోపల బడిపిల్లలు కిక్కిరిసి ఉన్నారు. దగ్గర్లో ర్యాంపు మా వెనకాలే ఉంది, పది గజాలైనా లేదు. గంగయ్య వెనకాల ర్యాంపుకి వంద గజాలుంటుంది. ఆ వంద గజాలూ మెడ తిప్పుకుని వెళ్ళాడు. నాన్నగారు చెయ్యెత్తారు.

"చూశావా బిందూ. ఆ పరీక్ష పెట్టే కుర్రాడికి నేనెవరో తెలియకపోవచ్చు. ఈ గట్టుని అడిగితే చెబుతుంది. మర్యాద ఇంకా మిగిలే ఉంది."

ఎందుకన్నానో, ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను. "మర్యాదా కాదు, ఏమీ కాదు నాన్నగారూ. మీకు రివర్సు రాదని వాళ్ళందరికీ తెలుసు. మీరు కాలవలో పడతారని వెనక్కెళ్తున్నారు. ఇరవై ఏళ్ళ నుంచీ!" అనేశాను.

కారు ఆగలేదు. అదే వేగంతో వెళ్తోంది. ర్యాంపు మీద ఒదిగి ఉన్న గంగయ్యని దాటాం. ఆయన ఎప్పటిలాగే దణ్ణం పెట్టాడు. నాన్నగారు ఈసారి చెయ్యెత్తలేదు. ఇల్లు చేరాం. ఇంజను ఆపి, తాళం తీసి, అప్పుడు అడిగారు.

"మీ అమ్మకి తెలుసా?"

అబద్ధం చెప్పి ఉండవలసింది. "తెలుసు" అన్నాను.

ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే కారు మీద బరకం కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. తాళాలు తెచ్చి నా హ్యాండ్‌బ్యాగు పక్కన ఉంచారు. ఆదివారం చర్చికి మైలు దూరం నడిచి వెళ్ళారు, గొడుగేసుకుని. తీసుకెళ్తానని నేనూ, ఫిలిప్పూ ఎంత బతిమాలినా "నడక మంచిదమ్మా" అన్నారు. గట్టు మీద ఎవరి మొహమూ చూడకుండా కాలవ వైపు చూస్తూ నడిచారు. అది నేను వెనకాల నుంచి చూశాను. ఇన్నేళ్ళు చెయ్యెత్తుకుంటూ తిరిగిన దారిలో ఆయన దొంగలా నడుస్తున్నారు, అలా నడిపించింది నేను. పరీక్ష తేదీ వచ్చింది, పోయింది. బరకం మీద రెండు కొబ్బరికాయలు పడ్డాయి. ఆయన తీయను కూడా లేదు.

మూడో వారం ఒక సాయంత్రం గంగయ్య వచ్చాడు. వాకిట్లోనే ఆగి బరకం వైపు చూశాడు.

"ఏటండి అమ్మాయిగారండీ, మేష్టారు కారు తీట్లేదు? ఒంట్లో బాగానే ఉన్నారా అండి?"

నాకు ఏడుపొచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. గంగయ్య విన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి మొహం ముడుచుకుంది.

"తవరు చదువుకున్నోరండి, మేం చెప్పకూడదు గానండి... అలాగనేశారేటండి?" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

చెప్పులు విడిచి అరుగెక్కాడు. నాన్నగారు పడక్కుర్చీలో బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చదవడం లేదు. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"మేష్టారండీ, అమ్మాయిగారు చెప్పింది సగవేనండి. మిగతా సగం ఆరికి తెలీదండి. నేన్జెప్తాను వినండి."

"ఏముందిరా చెప్పడానికి."

"ఉందండి. ఆ ఏడు నవంబరు ముసురు మీకు గుర్తుందా అండి? మా ఇంటిది నొప్పులు పడతంటే నా రిచ్చా బురదలో కదల్లేదండి. తవరు కారు తీసేరు. అమ్మగారు మా ఇంటిదాని తల ఒళ్ళో పెట్టుకుని ఎనక సీట్లో కూచున్నారు. నేను ముందు కూచున్నాను. గట్టు మీద కాయల లారీ ఎదురొచ్చిందండి. ఆ లోడుతో ఆడు ఎనక్కి పోలేడు. తవరు ఎనక్కి తీసేరు, చక్రం జారింది. అందరూ ఎత్తి నిలబెట్టి, ర్యాంపు దాకా చేతుల్తో తోసేరు. ఈలోగా అరగంటైపోయిందండి."

"గుర్తుంది" అన్నారు నాన్నగారు.

"ఇంకో పావుగంటైతే ఇద్దరూ దక్కేవోరు కాదన్నారండి డాక్టరమ్మగారు. మా చరణ్‌గాడు అలా పుట్టేడు. మర్నాడు నేను టీ బడ్డీ కాడ కూచుని ఏడిసేనండి. ఆ లారీ డ్రైవరు ఉన్నాడు, ఒలుపోళ్ళున్నారు, రిచ్చావోళ్ళున్నారు. అప్పుడనుకున్నావండి అందరం. మేష్టారి కారొస్తే, అందులో ఎవరున్నారో, ఏ ప్రాణం మీదున్నారో మనకి తెలీదు, కనపడగానే మనవే ఎనక్కెళ్ళిపోవాలని. కొత్తగా ఎవడు బండి కొన్నా ముందు ఆ మాటే చెప్తావండి. తవరికి రివర్సు రాదని కాదండి. వచ్చినా అంతేనండి."

నాన్నగారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అద్దాలు కాసేపు తుడిచారు. తుడిచినవే తుడిచారు.

"ఒక్కసారి చెప్పండి మేష్టారండీ, ఆ కార్లో తవరొక్కరూ, మీ పని మీద, ఎన్నిసార్లెల్లేరు? మా బుచ్చిరాజు గారిని పాము కరిస్తే ఎల్లింది ఈ కారే. యామినమ్మ పరీక్షకి బస్సు తప్పిపోతే ఎల్లింది ఈ కారే. అది మా అందరి కారనే అనుకుంటావండి మేవు. తవరు దానికి బరకం కప్పేత్తే ఎలాగండి?"

పెరట్లో కోళ్ళు గూటికి చేరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒరే గంగయ్యా" అన్నారు నాన్నగారు చివరికి, "ఆటోకి రివర్సు గేరు ఉంటుందా?"

"ఉంటదండి."

"నాకు నేర్పుతావా?"

"ఆయ్" అన్నాడు గంగయ్య.

ఆ సాయంత్రమే బరకం తీశారు. మర్నాటి నుంచి చర్చి మైదానంలో బడి మొదలయింది. కర్రలు లేవు కాబట్టి కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు కుప్పలుగా పోసి హెచ్ ఆకారం పెట్టాడు గంగయ్య. పక్క సీట్లో గంగయ్య, వెనక సీట్లో నేను. ఆటోకి హ్యాండిలు, కారుకి స్టీరింగు, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. "ఎనక్కి చూడండి మేష్టారండీ, ఎనక్కి చూడకుండా ఎనక్కెలా ఎల్తారండి?" అని ఆయన మొత్తుకోవడం, మెడ పట్టేసిందని ఈయన విసుక్కోవడం. మొదటి రోజు మైదానంలో డొక్కల కుప్ప ఒక్కటీ నిలబడి లేదు. "తప్పండి. మళ్ళీ అండి" అనేవాడు గంగయ్య, అచ్చం మా నాన్నగారు ఎక్కాలు అప్పజెప్పించుకునే గొంతుతో. ఆ గొంతు ఎక్కడ నేర్చుకున్నాడో వేరే చెప్పాలా?

ఇంటికొచ్చాక నాన్నగారు నేల మీద సుద్దముక్కతో హెచ్ గీసుకుని, అగ్గిపెట్టెని కారు చేసి, వెనక్కి జరుపుకుంటూ కూర్చునేవారు. అన్నం చల్లారిపోతోందని పిలిస్తే "ఉండమ్మా, ఎడమ మూల దగ్గర తేడా వస్తోంది" అనేవారు. ఎప్పుడో నా చిన్నప్పుడు, ఆయన బి.ఇడి. పరీక్షకి చదువుకుంటుంటే అమ్మ పళ్ళెం పట్టుకుని ఇలాగే నిలబడేది.

మొదటిసారి పరీక్షలో ఆఖరి కర్రకి బంపరు తగిలింది. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఒక్క కర్రా కదల్లేదు. పరీక్ష పెట్టే అబ్బాయి మా నాన్నగారి నెరిసిన తల చూసి, "ఎన్నేళ్ళ నుంచి నడుపుతున్నారండీ?" అని అడిగాడు. "ముందుకైతే ఇరవైనాలుగేళ్ళు. వెనక్కైతే ఇరవై రోజులు" అన్నారు నాన్నగారు. ఆ అబ్బాయి ఇది వేళాకోళమనుకుని నవ్వాడు.

అక్కడే ఎల్ అక్షరాలు నేను గోళ్ళతో గీకి పీకేశాను. వంతెన దిగి గట్టెక్కేసరికి నాలుగయింది. సగం దూరం వచ్చామో లేదో, ఎదురుగా గంగయ్య ఆటో. "మేష్టారి కారొస్తంది" అని కాయలు ఒలిచే దగ్గర్నుంచి ఎవరో అరిచారు. గంగయ్య వెంటనే ఆటో వెనక్కి తీశాడు.

నాన్నగారు బ్రేకు వేశారు. క్లచ్చి నొక్కి, గేరు మార్చారు. గర్రుమంది. కుడిచెయ్యి స్టీరింగు మీద, ఎడంచెయ్యి నా సీటు మీద వేసి, మెడ మొత్తం వెనక్కి తిప్పారు. కారు వెనక్కి కదిలింది.

కాలవ నా వైపే ఉంది. నా ప్రాణాలు నా దగ్గర లేవు. ఆయన మాత్రం చక్రం చూసుకుంటూ, గట్టు అంచు చూసుకుంటూ, నెమ్మదిగా, కొంచెం వంకరగా వెనక్కి పోతున్నారు. అటు గంగయ్య వెనక్కి పోతున్నాడు. రెండు బళ్ళూ దూరమైపోతున్నాయి, మధ్యలో గట్టు రోడ్డు ఖాళీగా మిగిలిపోతోంది. కాయలు ఒలిచేవాళ్ళు పని ఆపేసి నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వుతున్నాను, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

నాన్నగారు ర్యాంపు మీదికి చేర్చి ఆపారు. అటు చివర ర్యాంపు మీద గంగయ్య ఆగాడు. ఎవరూ ముందుకు రావడం లేదు. ఇంతలో నాన్నగారి ఫోను మోగింది. స్పీకరు పెట్టాను.

"మేష్టారండీ, ఎక్కడికెల్లిపోతన్నారండీ? రండి, రండి."

"నువ్వే రా గంగయ్యా."

"బాగోదండి."

"నేర్పింది నువ్వే కదరా. ఇవాళ నా వంతు. రా."

ఫోనులో ఇంజను చప్పుడు పెరిగింది. తర్వాత ఆటో కదిలింది, మెల్లగా వచ్చి మా పక్కనుంచి దాటింది. గంగయ్య దణ్ణం పెట్టలేదు. కుడిచెయ్యి కాస్త పైకెత్తాడు, అచ్చం నాన్నగారిలాగే. నాన్నగారు ఆయన్ని చూడలేదు, వంగి ఆటో లోపలికి చూశారు.

"ఎవరున్నారమ్మా అందులో?"

"ఎవరో ముగ్గురు ఆడవాళ్ళు. మన ఊరివాళ్ళు కాదనుకుంటా."

"సరే" అన్నారు ఆయన, తృప్తిగా.

ఆటో పోయాక కూడా ఆయన బండి కదపలేదు. ఎడంచెయ్యి ఇంకా నా సీటు మీదే ఉంది, అమ్మ సీటు మీద.

"ఇరవై ఏళ్ళు ఇక్కడ కూచుంది మీ అమ్మ. అన్నీ తెలిసి. నేర్చుకోండి అని ఒక్కసారైనా అన్లేదు."

"అంటే నేర్చుకునేవారా నాన్నగారూ?"

ఆలోచించారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

"లేదమ్మా. సిగ్గేసి కారు అమ్మేసుందును."

గేరు మార్చి, బండి ముందుకు పోనిచ్చారు.